మిద్దె, మన్ను, మహమ్మారి: కడప జిల్లా బాడుగ ఇళ్ల మరమ్మతు చరిత్రలో స్థానిక ఆచారం

ప్రవేశిక

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఐదు రోజుల తర్వాత, మార్చి 29న, కేంద్ర హోం మంత్రిత్వ శాఖ 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఒక ఉత్తర్వు జారీ చేసింది. అద్దె ఇళ్లలో ఉంటున్న కార్మికులను, వలస వచ్చినవారితో సహా, ఒక నెలపాటు అద్దె అడగరాదని అందులో ఉంది. కార్మికులను గానీ విద్యార్థులను గానీ ఇల్లు ఖాళీ చేయమని ఒత్తిడి చేసే యజమానులపై చర్య తీసుకోవాలని కూడా ఉంది. అంటే ఆ ఉత్తర్వు రెండు విషయాలను పట్టించుకొంది. ఒకటి అద్దె సొమ్ము, రెండవది ఖాళీ చేయించడం. ప్రజలను రాత్రింబవళ్లు ఇంట్లోనే ఉండమన్న ప్రభుత్వం, ఆ ఇల్లు ఉండడానికి తగినట్టు ఉందా అన్న మూడవ ప్రశ్న జోలికి పోలేదు. కప్పు కారుతూ ఉంటే ఎవరు బాగుచేయించాలి? బాగుచేసే మనిషి గడప దాటి రావచ్చునా? అందుకయ్యే ఖర్చు ఎవరి లెక్కలో పడాలి?

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాలను దృష్టిలో ఉంచుకొని ఈ మూడవ ప్రశ్న చరిత్రను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇది న్యాయశాస్త్ర వ్యాసం కాదు. అయితే చట్టం తనంతట తానే ఒకచోట భాషాపరిశోధకుల వాకిలి తట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో యజమాని, అద్దెదారుల హక్కులను, బాధ్యతలను చెప్పే 108వ సెక్షను, ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ వేరుగా లేనప్పుడు అన్న నియమంతోనే మొదలవుతుంది. అంటే ఊరి ఆచారం రుజువైతే చట్టంలోని సాధారణ సూత్రం పక్కకు తప్పుకొంటుంది. ఆ ఆచారం ఎక్కడ ఉంది? కాగితాల మీద చాలా తక్కువ, మాటల్లోనే ఎక్కువ. ఆ మాటలను ఎవరూ రాసిపెట్టకపోవడం వల్ల ఏమి జరిగిందో మహమ్మారి కాలం చూపింది.

బాడుగ, కౌలు, మరమ్మతు

సీమలో ఇంటి అద్దెకు వాడుకలో ఉన్న మాట బాడుగ. సంస్కృత భాటకం నుంచి వచ్చిన ఈ పదానికి కన్నడంలో బాడిగె, తమిళంలో వాడగై తోబుట్టువులు. బండికీ బాడుగే, ఇంటికీ బాడుగే. బండిని బాడుగకు తీసుకొన్నవాడు ఇరుసు విరిగితే బండివాని వంక చూస్తాడు. ఇంటి విషయంలో అంత తేలికగా తేలదు.

పొలానికి వాడే కౌలు అనే మాట అరబ్బీ ఖౌల్ నుంచి వచ్చింది. మూలార్థం మాట, ఇచ్చిన మాట. కైఫీయత్తుల తెలుగులో ఇది కవులు. పాడుబడిన ఊళ్లలో మళ్లీ జనాన్ని నిలపడానికి పాలకులు పన్ను తగ్గించి కవులు ఇవ్వడం ఈ ప్రాంత చరిత్రలో పరిచితమైన విషయమే. దత్తమండలాలు 1800లో కుంఫిణీ చేతికి వచ్చిన తర్వాత కూడా ఆ మాట రెవెన్యూ వ్యవహారంలో నిలిచింది. నోటిమాటగా పుట్టిన కౌలు క్రమంగా కాగితమైంది. ఇంటి బాడుగ మాత్రం చాలాకాలం నోటిమాటగానే మిగిలిపోయింది. ఈ తేడాకు కారణం ఊహించడం కష్టం కాదు. పొలం కౌలులో సర్కారుకు శిస్తు ఉంది కనుక రాత వచ్చింది. ఇంటి బాడుగలో సర్కారుకు వచ్చేది లేదు కనుక దానిని అడిగినవారు లేరు.

మరమ్మతు కూడా అరబ్బీ పదమే, పారసీ ద్వారా మనకు చేరింది. చెరువు మరమ్మతు, కోట మరమ్మతు అని దొరల కాలానికి ముందునుంచే పాలనా భాషలో ఉన్న మాట. ఇళ్లలో వినిపించే మాటలు వేరు. సీమలో మిద్దె ఉరుస్తుంది, కోస్తాలో ఇల్లు కురుస్తుంది. మిద్దెకు మన్ను వేస్తారు, బండల సందులు పూడుస్తారు, గోడ మెత్తుతారు, సున్నం కొడతారు. ఇవన్నీ కలిపితే మరమ్మతు. విడదీస్తే ఒక్కొక్కటి ఒక్కొక్కరి పని. న్యాయస్థానానికి మొత్తం మాట కావాలి, తగవు మాత్రం విడిమాటల దగ్గర పుడుతుంది.

చవుడు మిద్దె

ఈ విడిమాటల విలువ తెలియాలంటే సీమ మిద్దె నిర్మాణం కొంత వివరంగా చూడాలి. గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటిపైన కట్టెపుల్లలు గానీ నాపబండలు గానీ పరుస్తారు. కట్టెపుల్లలైతే వాటిమీద ఆకు, బోద వంటివి వేసి మన్ను కప్పుతారు. అన్నిటికంటె పైపొర చవుడు. వెలుతురు కోసం కప్పులో వదిలే రంధ్రం గవాచి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, ముద్దనూరు పరిసరాలు నాపరాతికి ప్రసిద్ధం. ఇక్కడి సున్నపురాతి పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి అనే ఊరిపేరే పెట్టారు. అందుచేత ఈ ప్రాంతంలో గోడకూ బండే, నేలకూ బండే, చాలాచోట్ల కప్పుకూ బండే.

చవుడు పనిచేసే తీరు ఆసక్తికరం. పంటకు పనికిరాని క్షారపు నేల మన్ను అది. తడిసినప్పుడు అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి, సందుల్లో దూరి, నీటిని కిందికి దిగనీయకుండా మూసేస్తాయి. పొలంలో రైతును ఏడిపించే గుణమే మిద్దె మీద కాపాడే గుణమవుతుంది. అయితే ప్రతి వానకు ఆ పొర కొంత కొట్టుకొనిపోతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది, ఎలుకలు బొక్కలు చేస్తాయి, గడ్డి మొలుస్తుంది. కాబట్టి ఏటా, లేదా ఏడు విడిచి ఏడు, వానలకు ముందు మళ్లీ చవుడు తోలి, పరిచి, దిమ్మిస కొట్టవలసిందే. ఈ పనికి కాలం ఎండాకాలం, ముఖ్యంగా చైత్ర వైశాఖాలు. వాన మొదలైన తర్వాత మిద్దె ఎక్కితే మేలుకంటె కీడే ఎక్కువ.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కాంక్రీటు కప్పుకు మరమ్మతు అంటే పాడైనదాన్ని బాగుచేయడం. చవుడు మిద్దెకు మరమ్మతు అంటే పాడుకాకుండా ఏటా చేసే ఊడిగం. మొదటిది ప్రమాదం, రెండవది పంచాంగం. 108వ సెక్షను మొదటిదానిని దృష్టిలో పెట్టుకొని రాసినట్టు కనిపిస్తుంది. యజమాని తాను చేయవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తర్వాత కూడా తగిన సమయంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించుకొని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో మినహాయించుకోవచ్చని అందులో ఉంది. వినడానికి గట్టి హక్కే. కాని యజమాని ఏ మరమ్మతుకు బద్ధుడో చట్టం చెప్పలేదు. ఆ బాధ్యత ఒప్పందం నుంచో, ఆచారం నుంచో రావాలి. నోటిమాట బాడుగలో ఒప్పందపు షరతు ఏది? మిగిలింది ఆచారం ఒక్కటే. పెద్ద పని ఇంటివారిది, చిన్న పని ఉండేవారిది అన్నది అందరూ ఒప్పుకొనే సూత్రం. చవుడు వేయడం పెద్ద పనా, చిన్న పనా? దూలం మార్చడం పెద్ద పని, గోడ మెత్తడం చిన్న పని అనడంలో ఎవరికీ పేచీ లేదు. మన్ను మాత్రం నడుమ నిలిచింది. మన్ను ఎవరు తోలాలి, కూలి ఎవరు ఇవ్వాలి, ఏ నెలలో అడగాలి అన్నవి ఇంటింటికి, వీధివీధికి మాటల్లో తేలేవి.

పురపాలక హద్దు

1941లో, యుద్ధకాలపు భారత రక్షణ నిబంధనల కింద, మద్రాసు రాష్ట్రంలో అద్దె నియంత్రణ ఉత్తర్వు వచ్చింది. 1946లో చట్టం, 1949లో దానికి బదులు మరో చట్టం వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తర్వాత 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం వాటి స్థానాన్ని తీసుకొంది. ఈ చట్టాలు అద్దెదారుకు కొంత బలం ఇచ్చాయి. కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదు. నీళ్లు, దీపం వంటి వసతులను యజమాని తెంచకూడదు. మరమ్మతు చేయించకపోతే నియంత్రణాధికారి దగ్గరకు పోవచ్చు.

అయితే ఇదే చట్టంలో మరమ్మతు అన్న మాట రెండంచుల కత్తి. మరమ్మతు కోసం ఇల్లు తన స్వాధీనానికి ఇప్పించమని యజమాని కూడా అడగవచ్చు. పని పూర్తయ్యాక పాత అద్దెదారుకే ఇల్లు ఇవ్వాలన్న పూచీని చట్టం ఊహించింది నిజమే. కాని ఒకసారి గడప దాటినవాడు తిరిగి రావడం ఎంత కష్టమో అద్దె ఇళ్లలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అందువల్ల ఉరిసే కప్పు కింద గిన్నె పెట్టుకొని ఊరకున్న అద్దెదారు అమాయకుడు కాడు. మరమ్మతు అడిగితే ఖాళీ చేయమంటారేమో అని లెక్క వేసుకొన్నవాడు.

దీనికంటె ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. 1960 చట్టం ప్రధానంగా నగరాలకు, పురపాలక సంఘాలకు వర్తించింది. ప్రొద్దుటూరు 1915 నుంచి పురపాలక సంఘం. జమ్మలమడుగు, పులివెందుల తాలూకా కేంద్రాలుగా ఎంత పేరున్నవైనా ఈ శతాబ్దంలోనే పురపాలక హోదా అందుకొన్నాయి. ఒకే రకమైన మిద్దెలు, ఒకే రకమైన బాడుగ, ఒకే రకమైన మాట ఉన్న మూడు పట్టణాల్లో ఒకచోట అద్దెదారుకు ప్రత్యేక చట్టపు నీడ ఉంది. మిగిలిన రెండుచోట్ల 1882 చట్టమే దిక్కు, అంటే ఆచారమే దిక్కు. ఈ హద్దును గుర్తుంచుకోవాలి. 2020లో అదే హద్దు ఇంకో రూపంలో ఎదురువస్తుంది.

ఊరు విడిచిన కాలం

అంతకుముందు, మహమ్మారి అంటే ఇంట్లో ఉండడం కాక ఇల్లు విడవడం అయిన కాలాన్ని ఒకసారి తలచుకోవాలి. 1896లో బొంబాయిలో ప్లేగు కనిపించింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగే సెక్షన్లున్న చిన్న చట్టం. కాని దాని కింద అధికారులు ఇళ్లలోకి ప్రవేశించవచ్చు, రోగులను వేరుచేయవచ్చు, ఇల్లు ఖాళీ చేయించవచ్చు. వెలుతురు పడడానికని కప్పుపెంకులు తీయించిన సందర్భాలు బొంబాయి రాష్ట్రంలో ఉన్నాయి. 1898లో ప్లేగు బళ్ళారి ప్రాంతానికి చేరింది. మద్రాసు ప్రభుత్వం ప్లేగు సోకిన చోట్ల నుంచి వచ్చే ప్రయాణికులకు పాస్‌పోర్టు పద్ధతి పెట్టింది. ఎలుకలు పడగానే ఊరు ఖాళీ చేసి పొలాల్లో కొట్టాలు వేసుకొని ఉండడం దక్కన్ అంతటా అలవాటైంది.

అప్పటి అధికారుల దృష్టిలో రోగం ఇంట్లో ఉంది, గోడలో, నేలలో, కప్పులో ఉంది. కాబట్టి మనిషిని బయటికి పంపి ఇంటిని శుద్ధి చేశారు. ఆ రోజుల్లో బాడుగదారుడు ఇల్లు విడిస్తే బాడుగ నిలిచేదా? విప్పిన కప్పు తిరిగి ఎవరు వేయించేవారు? 1897 చట్టంలో ఈ ప్రశ్నలకు చోటు లేదు. 1918లో బొంబాయిలో తొలి అద్దె నియంత్రణ చట్టం వచ్చిన ఏడాదే ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊపేసింది. అయినా ఆ చట్టం పేరులో ఉన్నది యుద్ధం, వ్యాధి కాదు. అద్దె చట్టానికి, అంటువ్యాధి చట్టానికి మొదటినుంచీ పరిచయం లేదు. రెండూ ఒకే ఇంటి గురించి, వేరువేరు గదుల్లో కూర్చొని మాట్లాడాయి.

సీమ ఊళ్ల చుట్టూ పాటిదిబ్బలు, పాటిమన్ను అన్న మాటలు వినిపిస్తాయి. పూర్వం ఊరుండి పాడైన చోటు పాటి. వ్యాధులు, కరవులు, దండుల రాకపోకలు ఊళ్లను ఎలా కదిలించాయో ఊరిపేర్లే చాలావరకు చెబుతాయి. కేతు విశ్వనాథరెడ్డి కడప ఊర్ల పేర్లపై చేసిన పరిశోధన ఈ విషయంలో మనకు దారి చూపింది. విడిచిన ఇంటి మన్ను పొలానికి ఎరువు కావడం, పనికిరాని పొలం మన్ను ఇంటికి కప్పు కావడం, ఈ రెండు ప్రయాణాలు ఇంకా ఎవరూ కలిపి చూడవలసే ఉంది.

ఇంట్లో నిలిచిన కాలం

2020లో దిశ తిరగబడింది. రోగం బయట ఉంది, మనిషి లోపల ఉండాలి. ప్రొద్దుటూరు, పులివెందులతో సహా కడప జిల్లా పట్టణాల్లో ఏప్రిల్ మొదటివారానికే కేసులు నమోదై, వీధులకు కంచెలు పడ్డాయి. అంటే మిద్దెకు మన్ను వేసే నెలల్లోనే, బండల సందులు పూడ్చే నెలల్లోనే, మనిషి మనిషి ఇంటికి పోకూడని పరిస్థితి వచ్చింది.

ఏప్రిల్ 15న కేంద్రం సవరించిన మార్గదర్శకాలు ఇచ్చింది, 20 నుంచి అవి అమలయ్యాయి. స్వయం ఉపాధితో సేవలు చేసేవారికి అందులో అనుమతి ఉంది. ఉదాహరణగా ఇచ్చిన పేర్లు ఇవి: ఎలక్ట్రీషియన్లు, కంప్యూటర్ మరమ్మతుదారులు, ప్లంబర్లు, మోటారు మెకానిక్కులు, వడ్రంగులు. బేల్దారి పేరు లేదు. నిర్మాణపనుల విషయంలో పురపాలక పరిధి వెలుపల అనుమతి ఉదారంగా ఉంది. పరిధి లోపల మాత్రం, కూలీలు పనిచోటనే ఉండి బయటినుంచి ఎవరినీ తేనక్కరలేని పనులకే అనుమతి. కట్టడి ప్రాంతాలకు ఈ సడలింపులేవీ వర్తించవు.

ఇంతకు ముందు చెప్పిన హద్దు ఇక్కడ మళ్లీ వస్తుంది. 1960లో పురపాలక హద్దుకు లోపల ఉండడం అద్దెదారుకు రక్ష. 2020 ఏప్రిల్‌లో అదే హద్దుకు లోపల ఉండడం వల్ల బేల్దారి రాలేడు. ఈసారి మూడు పట్టణాలూ హద్దు లోపలివే. బేల్దారి అన్న మాటకు పారసీలో అర్థం పారపట్టినవాడు. మార్గదర్శకాలు రాసినవారి ఊహలో మరమ్మతు అంటే తీగ, గొట్టం, తలుపు, పార కాదు. అది ఢిల్లీ ఫ్లాటు నుంచి చూసిన ఇల్లు. ఉత్తర్వు రాసినవారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, ఆ వేళ ఎవరైనా తొందరలోనే రాసేవారు. కాని ఒక జాబితాలో ఏ వృత్తి గుర్తుకు వస్తుంది, ఏది రాదు అన్నది ఆ రాసేవారి ఇల్లు ఎలాంటిదో చెబుతుంది.

ఆ ఏడు నవంబరు 25, 26 తేదీల్లో నివర్ తుపాను తీరం దాటి జిల్లాను వానలతో ముంచింది. మరుసటి ఏడు నవంబరులో అన్నమయ్య జలాశయం కట్ట తెగింది, కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. పెద్ద నష్టాల జాబితాలో ఉరిసిన మిద్దె చేరదు. వేసవిలో పడవలసిన మన్ను పడని మిద్దెకు ఇలాంటి వాన ఏమి చేస్తుందో పై నిర్మాణ వివరం తెలిసినవారు ఊహించగలరు.

అదే వానకాలంలో గండికోట జలాశయంలో నీటిమట్టం పెంచుతున్నందువల్ల తాళ్ళప్రొద్దుటూరు వాసులు ఇళ్లు విడవవలసి వచ్చింది. సొంత ఇల్లున్నవారు మహమ్మారి నడుమ బాడుగ ఇంటి వేటలో పడ్డారు. ముంపు పరిహారపు చరిత్ర వేరొక వ్యాసానికి తగినది. ఇక్కడ దానిని తలచుకోవడం, బాడుగదారు అన్నది స్థిరమైన వర్గం కాదని గుర్తుచేయడానికే.

మగ్గం గుంట

బాడుగదారు, మరమ్మతు, మహమ్మారి ఈ మూడూ ఒకేచోట కలిసేది నేతగాని ఇంట్లో. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మైలవరం పరిసరాలు తొగట, పద్మశాలి, దేవాంగ కుటుంబాల నేతకు నెలవు. గుంట మగ్గం నేలలో తవ్విన గుంట మీద ఉంటుంది. నేతగాడు గుంట అంచున కూర్చొని, కాళ్లు లోపలికి దింపి, పావులు తొక్కుతూ నేస్తాడు. ఇల్లు బాడుగది, మగ్గం తనది, గుంట ఎవరిది?

ఇది చమత్కారపు ప్రశ్న కాదు. 108వ సెక్షను ప్రకారం అద్దెదారు తాను నేలకు బిగించిన వస్తువులను పోయేటప్పుడు తీసుకుపోవచ్చు, ఇంటిని మాత్రం మొదట ఉన్న స్థితిలో వదలాలి. మగ్గం విప్పి తీసుకుపోవచ్చు. గుంటను తీసుకుపోలేడు, పూడ్చవలసి ఉంటుంది. గుంట ఉంది కాబట్టి ఇల్లు మరో నేతగానికి బాడుగకు పోతుందనుకొంటే అది యజమానికి లాభం. వేరేవారికి ఇవ్వాలనుకొంటే నష్టం. వానకు గుంటలోకి ఊట వస్తే అది ఇంటి మరమ్మతా, పనిముట్టు మరమ్మతా? మిద్దె ఉరిసి పడుగు తడిస్తే నష్టం బాడుగలో ఎంత? రాసుకొన్న ఒప్పందమున్నచోట కూడా అందులో ఇల్లు అనే ఉంటుంది, గుంట ఉండదు.

పూర్వం సర్కారు మగ్గాన్ని లెక్కపెట్టింది పన్ను కోసం. మొహతర్ఫా పేరిట మగ్గాల మీద, అంగళ్ల మీద పన్ను పంతొమ్మిదో శతాబ్ది మధ్యదాకా మద్రాసు రాష్ట్రంలో ఉంది. మన కాలంలో సర్కారు మళ్లీ మగ్గాన్ని లెక్కపెట్టింది, ఈసారి సాయం కోసం. 2019 డిసెంబరు 21న మొదలైన నేతన్న నేస్తం పథకంలో సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు. రెండవ విడతను మహమ్మారి కారణంగా ముందుకు జరిపి 2020 జూన్ 20న ఇచ్చారు. ఆ కష్టకాలంలో అది చిన్న సాయం కాదు. అయితే పన్నుకూ సాయానికీ కూడా లెక్కలో ఉన్నది మగ్గం. దానిమీది కప్పు కాదు. బేరం నిలిచి, నూలు రాక, నేసినది అమ్ముడుపోక ఉన్న నెలల్లో ఆ సొమ్ము బాడుగ బకాయికి పోయిందా, మిద్దెకు పోయిందా, కడుపుకు పోయిందా అన్నది ఇంటింటి లెక్క.

అంగళ్లు, గదులు

ప్రొద్దుటూరు బంగారు, వస్త్ర వ్యాపారాలకు పెట్టింది పేరు. అంగళ్ల బాడుగదారులకు మార్చి 29 ఉత్తర్వు వర్తించలేదు. లాక్‌డౌన్ వల్ల అంగడి మూతబడింది కాబట్టి అద్దె నిలపవచ్చునా అన్న ప్రశ్న ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక అంగడి విషయంలో అక్కడి ఉన్నత న్యాయస్థానం ముందుకు వచ్చింది. 2020 మే 21న ఇచ్చిన తీర్పులో, తాత్కాలికంగా వాడుకోలేకపోవడం ఆస్తి నాశనం కిందికి రాదని, అద్దె మాఫీ కుదరదని, చెల్లింపుకు కొంత గడువు మాత్రం ఇవ్వవచ్చని తేల్చారు.

పులివెందులలో 2006లో ఇంజనీరింగు కళాశాల వచ్చిన తర్వాత విద్యార్థుల గదుల బాడుగ పెరిగింది. విద్యార్థులను ఖాళీ చేయించరాదని ఉత్తర్వు చెప్పింది సరే, కాని వాళ్లు అప్పటికే సొంత ఊళ్లకు పోయి ఉన్నారు. తాళం వేసిన గదికి నెలనెలా బాడుగ, లోపల చెదలు. ఉన్నవాణ్ణి కాపాడే మాట ఉంది, లేనివాని సామాను మాట లేదు.

భోగ్యం

రాయలసీమలో, పక్కనున్న కన్నడ దేశంలో, బాడుగ కాని మరో పద్ధతి ఉంది. ఒక మొత్తం యజమానికి ఇచ్చి, నెలనెలా బాడుగ లేకుండా ఇంట్లో ఉండి, గడువు తీరాక ఆ మొత్తం వెనక్కు తీసుకోవడం. దీన్ని భోగ్యం అంటారు. ఈమధ్య లీజు అనడం కూడా కద్దు. చట్టం దృష్టిలో ఇది ఒక రకం తాకట్టు. ఆస్తి బదిలీ చట్టం 76వ సెక్షను ప్రకారం, ఆస్తిని స్వాధీనంలో ఉంచుకొన్న తాకట్టుదారు, వేరే ఒప్పందం లేకపోతే, దాని ఆదాయంలోనుంచి వీలైనంత మేరకు అవసరమైన మరమ్మతులు తానే చేయించాలి. అంటే బాధ్యత తలకిందులైంది. ఒకే గోడకు ఇరువైపులా రెండు కుటుంబాలుంటే, బాడుగకున్నవారు మిద్దె మన్ను కోసం యజమానిని అడగవచ్చు, భోగ్యానికున్నవారు తామే వేసుకోవాలి. తమ స్థితి ఈ రెంటిలో ఏదో నోటిమాట మీద ఉన్నవారిలో ఎందరికి తెలుసు? ఒక నెల అద్దె అడగరాదన్న ఉత్తర్వు భోగ్యానికున్నవారికి అక్కరకు రాలేదు. వారికి నెలసరి అద్దే లేదు. వారి భయం వేరు. గడువు తీరినా యజమాని చేతిలో సొమ్ము లేకపోతే తమ మొత్తం తిరిగి వచ్చేది ఎప్పుడు?

మాటకు సాక్ష్యం

1960 చట్టానికి బదులుగా రాష్ట్రంలో 2017 నాటి నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం వచ్చింది. 2021 జూన్ 2న, రెండవ అల ఇంకా చల్లారకముందే, కేంద్ర మంత్రివర్గం మాదిరి అద్దె చట్టాన్ని ఆమోదించింది. రాష్ట్రాలు స్వీకరిస్తేనే అది చెల్లుతుంది. రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నది దాని ఊపిరి. మరమ్మతులను అది పట్టికగా విడదీసింది. గోడలు, కప్పు వంటి నిర్మాణపు పనులు, సున్నం, రంగులు, గొట్టాలు, తీగలు యజమానివి. కుళాయి వాషర్లు, మురుగు శుభ్రం, స్విచ్చులు, కిటికీ అద్దాలు అద్దెదారువి. విపత్తు వచ్చినప్పుడు గడువు తీరినా అద్దెదారును మరో నెలదాకా ఉండనివ్వాలన్న నిబంధన కూడా ఉంది. ఆ విపత్తు నిర్వచనంలో యుద్ధం, వరద, కరవు, అగ్నిప్రమాదం, తుపాను, భూకంపం పేర్లున్నాయి. మహమ్మారి పేరు లేదు. మహమ్మారి నడిమధ్యలో ఆమోదించిన పత్రంలో ఇలా జరగడం, 1897 నుంచి చూస్తూ వస్తున్న ఆ రెండు గదుల మధ్య తలుపు ఇంకా తెరుచుకోలేదనడానికి గుర్తు.

పట్టిక మంచిదే, తగవును తగ్గిస్తుంది. కాని పట్టికలో లేని ఇంటికి ఏది ఆధారం? చవుడు నిర్మాణమా, శుభ్రతా? గుంట గోడా, సామానా? ఇలాంటి చోట మళ్లీ స్థానిక ఆచారాన్నే ఆశ్రయించాలి, ఆచారాన్ని రుజువు చేయాలి. ఈ సందర్భంలో 1872 నాటి సాక్ష్య చట్టంలోని 49వ సెక్షను తెలుగు శాఖలవారు చదవదగినది. ఒక ప్రాంతంలో గానీ, ఒక వర్గం జనంలో గానీ వాడే మాటల అర్థం గురించి న్యాయస్థానం తేల్చవలసి వచ్చినప్పుడు, ఆ విషయంలో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారి అభిప్రాయం సాక్ష్యంగా పనికివస్తుందని అది చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఈ నిబంధన కొనసాగింది.

మాండలిక వృత్తిపదకోశాల్లో వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చాయి. గృహనిర్మాణ పదాలను బూదరాజు రాధాకృష్ణ కూర్చారు. ఇంటి భాగాల పేర్లు, మగ్గం భాగాల పేర్లు అలా అచ్చులో నిలిచాయి. కాని ఆ ప్రణాళిక వృత్తులను బట్టి సాగింది. బాడుగకు ఉండడం వృత్తి కాదు. ఇల్లు ఇచ్చేవారికీ ఉండేవారికీ మధ్య నడిచే మాటలకు అందువల్ల సంపుటం లేదు. ఇంటికి చేరేముందు ఏమని అడుగుతారు, మన్ను గురించి ఏమని ఒప్పుకొంటారు, పండుగ సున్నం ఎవరిదంటారు, గుంట పూడ్చి పొమ్మనడానికి ఏ మాట వాడతారు, భోగ్యం తీరిందనడానికి ఏమంటారు? మూడు పట్టణాల పాతవీధుల్లో చవుడు మిద్దెలు విప్పి స్లాబులు వేస్తున్నారు. మన్ను తోలిన బండివారు, దిమ్మిస పట్టినవారు, ఆ మిద్దెల కింద బాడుగకుండి మగ్గం నేసినవారు పెద్దవయసులో ఉన్నారు. వారి నోటి నుంచి సేకరించవలసిన మొదటి మాటల్లో ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి: మిద్దెకు మన్ను ఎవరు వేయాలి?